మూలనపడ్డ పాత మెయిల్ క్లయింట్‌కి మన చేత్తో మనం ప్యాచ్ వేసుకోవడం ఎలా

మా మావయ్యకి అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. 2009 నుంచి ఆయన మెయిల్స్ అన్నీ ఒకే ప్రోగ్రాంలో ఉన్నాయి, ఏ షావుకారుకి ఎన్ని కాయలు వెళ్లాయి, ఏ లారీ ఎప్పుడు కదిలింది, ఎవరు ఎంత బాకీ, అన్నీ అందులోనే. సీ భాషలో, జీటీకే 2 అనే, విండోలు బటన్లు గీసే లైబ్రరీ మీద రాసిన చిన్న మెయిల్ క్లయింట్ అది, అంటే మెయిల్ చదివి పంపుకునే ప్రోగ్రాం. రాసినవాళ్లు ఎప్పుడో వదిలేశారు, సైటు కూడా లేదిప్పుడు. పాత కంప్యూటర్ పాడైపోయి కొత్తదాంట్లో డెబియన్ 12 అనే లినక్స్ వేశాక చూస్తే ఆ ప్రోగ్రాం ప్యాకేజీల్లోనే లేదు. వేరేది వేస్తానంటే మావయ్య ఒప్పుకోలా. "ఒరే అబ్బాయ్, కళ్లు మూసుకుని నొక్కేస్తాన్రా దీంట్లో, ఇది లేకపోతే నాకు లెక్క దొరకదు, ఏదోటి చెయ్యి" అన్నాడు. ఆయన చెప్పింది న్యాయమే. మా వైపు గాలివాన వస్తే ముందు కరెంటు పోద్ది, వెనకాలే నెట్ పోద్ది, అప్పుడు కూడా ఇన్వర్టర్ మీద పాత మెయిల్ తీసి చూసుకోగలగాలి. ఈ క్లయింట్ మెయిల్ మొత్తం డిస్కులో పెట్టుకుంటది, 2 జీబీ ర్యామ్‌లో కూడా హాయిగా నడుస్తది. పనిచేసే పనిముట్టుని పారేయడమెందుకని కూర్చుని ప్యాచ్‌లు వేసి, అంటే కోడ్‌లో అవసరమైన చోట చిన్న చిన్న మార్పులు చేసి, బాగుచేశా. మీ దగ్గర కూడా ఇలాంటిది ఉంటే ఎలా చెయ్యాలో రాస్తున్నా, మెయిల్ క్లయింట్ కాకపోయినా చాటింగ్‌దో, ఎఫ్‌టీపీదో అయినా దారి దాదాపు ఇదే. ఫంక్షన్ల పేర్లు, కమాండ్లు తెలుగులో రాస్తున్నా, కోడ్‌లో పదాల మధ్య అండర్‌స్కోర్‌లు ఉంటాయి, అది గుర్తుపెట్టుకోండి.

అన్నిటికన్నా ముందు డేటా. కాలువలు కట్టేశాకే కదండీ లాకులకీ గట్లకీ మరమ్మతు చేసేది, నీళ్లు పారుతుండగా ఎవరూ చెయ్యరు. అలాగే అసలు మెయిల్ ఫోల్డర్ మీద ప్రయోగాలు చెయ్యొద్దు. ఫోల్డర్ మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్కుకి కాపీ చేసి, కంప్యూటర్లో ఇంకో యూజర్ అకౌంట్ పెట్టి, ఆ కాపీకి కాపీ తీసి దాని మీద పనిచెయ్యండి. పాత క్లయింట్లు ఫోల్డర్‌కి ఒక ఇండెక్స్ ఫైలు కూడా పెట్టుకుంటాయి, 32 బిట్ కంప్యూటర్లో తయారైన ఇండెక్స్‌ని 64 బిట్‌లో కట్టిన, అంటే కోడ్‌ని కంపైల్ చేసి తయారుచేసిన, ప్రోగ్రాం తప్పుగా చదివే ఛాన్స్ ఉంది, అందుకని కాపీలో ఇండెక్స్ ఫైళ్లు తీసేసి మళ్లీ కొత్తగా తయారుచేసుకోనివ్వండి. మెయిల్ అసలు టెక్స్ట్, మెయిల్స్ దాచే మామూలు పద్ధతులైన ఎమ్‌బాక్స్‌లోనో మెయిల్‌డిర్‌లోనో ఉంటే భయంలేదు, అది మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో కూడా తెరుచుకుంటది.

సోర్సు, అంటే ప్రోగ్రాం అసలు కోడ్, ఎక్కడ దొరుకుద్దంటే, సైటు పోయినా డెబియన్ వాళ్ల స్నాప్‌షాట్ ఆర్కైవ్‌లో 2005 నుంచి వచ్చిన ప్యాకేజీలు, వాటి సోర్సులతో సహా ఉన్నాయి. అక్కడ సోర్సు ప్యాకేజీ దించుకుంటే అసలు టార్‌బాల్‌తో (కోడ్ మొత్తం చుట్టిపెట్టిన ఫైలు) పాటు డెబియన్ అనే ఫోల్డర్, అందులో ప్యాచెస్ అనే ఫోల్డర్ కనపడతది. చాలామంది దాన్ని తెరిచి కూడా చూడరు, కానీ మీరు పడబోయే తిప్పల్లో సగం ఎవరో ఇంతకుముందే పడి అక్కడ పరిష్కారం పెట్టి ఉంటారు. ఆర్చ్ వాళ్ల ఏయూఆర్, జెంటూ, ఫెడోరా లాంటి వేరే లినక్స్‌ల ప్యాకేజీలు కూడా చూడండి, ఒకళ్లు వదిలేసిన ప్రోగ్రాంని ఇంకొకళ్లు ఇంకా మోస్తుంటారు. నాకు ఇలా చూసినందుకే రెండు ప్యాచ్‌లు రెడీగా దొరికాయి, ఎవరు రాశారో ఆ పేర్లు అలాగే ఉంచి వాడుకున్నా.

టార్‌బాల్ విప్పగానే, ఒక్క అక్షరం కూడా ముట్టుకోకముందే, గిట్ ఇనిట్ కొట్టి మొత్తం కమిట్ చేసెయ్యండి, గిట్ అంటే మార్పులన్నీ గుర్తుపెట్టుకునే ప్రోగ్రాం, కమిట్ అంటే అందులో ఒక మార్పుని భద్రపరచడం. అదే మీ పునాది. ఆ తర్వాత చేసే ప్రతి మార్పూ వేరే కమిట్, ఒక కమిట్‌లో ఒకే బాగు. కంపైల్ కోసం చేసింది, సెక్యూరిటీ కోసం చేసింది, తెలుగు కోసం చేసింది కలిపేస్తే ఆర్నెల్ల తర్వాత మీకే అర్థంకాదు. ఇంకోటి, ఫైలు తెరిచాం కదా అని స్పేసులు సర్దడం, బ్రాకెట్లు అందంగా పెట్టడం చెయ్యొద్దు, ప్యాచ్ ఎంత చిన్నగా ఉంటే రేపు దాన్ని అంత తేలిగ్గా మళ్లీ వెయ్యొచ్చు.

కొత్త సిస్టంలో కంపైల్ మొదలెట్టేముందు పాత సిస్టంలో ఒకసారి కట్టి చూడండి. ఉబుంటు 16.04 కంటైనర్ గానీ వర్చువల్ మెషీన్ గానీ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ లాంటివి) పెట్టుకుంటే అందులో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ పాతది, 1.0.2 ఉంటది, పాత కోడ్ కిక్కురుమనకుండా కడుతుంది. అక్కడ కూడా కట్టకపోతే సోర్సే సరిగ్గా లేదని అర్థం, అక్కడ కట్టి ఇక్కడ కట్టకపోతే లోపం కొత్త లైబ్రరీలకీ పాత కోడ్‌కీ మధ్య ఉందని తెలిసిపోద్ది. ఈ ఒక్క పనితో నాకు ఒక రోజంతా మిగిలింది.

ఇప్పుడు డెబియన్ 12లో కట్టడం. జీటీకే 2 ఆఖరి విడుదల 2020 డిసెంబర్‌లోనే అయిపోయినా డెబియన్ 12లో ఆ లైబ్రరీ ఇంకా ఉంది, దాని డెవలప్‌మెంట్ ప్యాకేజీ వేసుకుంటే చాలు, జీటీకే 3కి మార్చే పని పెట్టుకోకండి, అది ప్యాచ్ కాదు, ఇల్లు పడగొట్టి కట్టడం. కట్టడానికి ముందు సిస్టంని చూసుకునే కాన్ఫిగర్ స్క్రిప్ట్ మరీ పాతదైతే, దాన్ని కొత్తగా తయారుచేసే ఆటోరీకాన్ఫ్ కొట్టండి. తర్వాత వచ్చే ఎర్రర్లలో మొదటిది దాదాపు అందరికీ ఇదే వస్తది, మల్టిపుల్ డెఫినిషన్ అని, కంపైలైన ముక్కల్ని కలిపే లింకర్ అరుస్తది. కారణం ఏంటంటే హెడర్ ఫైల్లో ఎక్స్‌టర్న్ అనే మాట లేకుండా ఒక గ్లోబల్ వేరియబుల్ రాసి ఉంటది, ఆ హెడర్‌ని ఇరవై ఫైళ్లు కలుపుకుంటే ఇరవై కాపీలు తయారవుతాయి. ఇంతకుముందు జీసీసీ అనే సీ కంపైలర్ వాటన్నిటినీ ఒకటి చేసేసేది, 2020లో వచ్చిన జీసీసీ 10 నుంచి ఆ పద్ధతి మారింది. ఎఫ్‌కామన్ అనే ఫ్లాగ్ (కంపైలర్‌కి చెప్పే మాట) ఇస్తే పాత పద్ధతిలోనే కడుతుంది, ముందు దాంతో కట్టి ప్రోగ్రాం తెరుచుకుంటుందో లేదో చూసుకుని, ఆ తర్వాత తీరిగ్గా హెడర్లో ఎక్స్‌టర్న్ చేర్చి, ఏదో ఒక్క సీ ఫైల్లో అసలు వేరియబుల్ పెట్టండి.

ఇక్కడ కాస్త ఆగాలి. ఎర్రర్లు పోయి వార్నింగ్‌లే మిగిలాయి, ప్రోగ్రాం తెరుచుకుంది, మావయ్య మొహం వెలిగిపోయింది. సెర్చ్ బాక్సులో ఒక షావుకారు పేరు కొట్టి ఎంటర్ నొక్కాడో లేదో విండో మాయం. మళ్లీ తెరిచాం, మళ్లీ మాయం. ఇలాంటప్పుడు ఊహలు వద్దు, జీడీబీ అనే, తప్పులు వెతికే పనిముట్టులో ప్రోగ్రాం నడిపి, పడిపోయాక బీటీ అని కొడితే ఏ ఫంక్షన్లో ఏ లైన్లో పడిందో చెప్పేస్తది, కాకపోతే కంపైల్ చేసేటప్పుడు జీ ఫ్లాగ్ ఇచ్చి ఉండాలి. నాకు అది చూపించిన లైన్లో స్ట్రకేస్‌స్ట్ర్ అనే ఫంక్షన్ ఉంది, ఇంగ్లీషు పెద్దబడి చిన్నబడి అక్షరాల తేడా చూడకుండా ఒక మాటలో ఇంకో మాట వెతుకుద్ది. అది వెనక్కిచ్చిన అడ్రెస్ చూస్తే పైన ఉండాల్సిన అంకెలు లేవు, సగానికి తెగిపోయి ఉంది.

అసలు సంగతి ఇదీ. ఆ ఫంక్షన్ సీ స్టాండర్డ్‌లోది కాదు, గ్ను ప్రాజెక్టు వాళ్లు చేర్చింది, దాని డిక్లరేషన్ (ఏం తీసుకుని ఏం ఇస్తుందో చెప్పే లైను) కనపడాలంటే ఫైలు మొదట్లో, ఇన్‌క్లూడ్‌లన్నిటికన్నా పైన, గ్ను సోర్స్ అనే మాక్రోని డిఫైన్ చెయ్యాలి. పాత కోడ్ అది చెయ్యలా. డిక్లరేషన్ లేని ఫంక్షన్ కనపడితే కంపైలర్ అది ఇంట్ (మామూలు అంకె) ఇస్తుందని అనుకుంటది, నిజానికి ఇదిచ్చేది పాయింటర్, అంటే మెమరీ అడ్రెస్. మావయ్య పాత కంప్యూటర్ 32 బిట్, అందులో ఇంట్‌దీ పాయింటర్‌దీ సైజు ఒకటే కాబట్టి అన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. 64 బిట్‌లో పాయింటర్ 8 బైట్లు, ఇంట్ 4 బైట్లు, పై సగం పోయింది, ప్రోగ్రాం లేని అడ్రెస్‌కి వెళ్లి పడిపోయింది. బాగు ఒక్క లైను. ఇంప్లిసిట్ డిక్లరేషన్ అనే వార్నింగ్ జీసీసీ 12లో వార్నింగ్‌గానే ఉంటది, 2024లో వచ్చిన జీసీసీ 14 నుంచి ఎర్రర్ అయింది, అలా చెయ్యడమే మంచిది. మీ జీసీసీ పాతదైనా ఆ వార్నింగ్‌ని ఎర్రర్‌గా మార్చే ఫ్లాగ్ పెట్టుకుని వచ్చినవన్నీ ఒక్కోటి బాగుచెయ్యండి, మిగతా వార్నింగ్‌లు వందున్నా వదిలెయ్యొచ్చు గానీ ఇది వదలకూడదు. కొంతమంది కొత్త జీసీసీలో ఆ ఎర్రర్‌ని ఫ్లాగ్‌తో మళ్లీ వార్నింగ్‌గా దించేస్తారు, కట్టడం అవుద్ది, తర్వాత ఏ మెయిల్ తెరిచినప్పుడు పడిపోద్దో తెలీదు.

తర్వాత టీఎల్‌ఎస్, సర్వర్‌తో రహస్యంగా మాట్లాడే భాగం. పాత క్లయింట్లు సర్వర్‌కి కనెక్ట్ కాకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. టీఎల్‌ఎస్ 1.0 వచ్చింది 1999లో, 1.1 వచ్చింది 2006లో, రెండిటినీ 2021 మార్చిలో ఇంటర్నెట్ ప్రమాణాలు చూసే ఐఈటీఎఫ్ అధికారికంగా పక్కనపెట్టింది, ఇప్పటి సర్వర్లకి 1.2 గానీ 1.3 గానీ కావాలి. సోర్సులో గ్రెప్ కొట్టి మెథడ్ అనే మాట వెతకండి. టీఎల్‌ఎస్‌వీ1 క్లయింట్ మెథడ్ అని ఉంటే ఆ ప్రోగ్రాం 1.0 తప్ప ఇంకోటి మాట్లాడదు. దాని చోట టీఎల్‌ఎస్ క్లయింట్ మెథడ్ అని పెడితే రెండువైపులా వచ్చిన వాటిలో పెద్దది అదే ఎంచుకుంటది, దాని కింద మిన్ ప్రోటో వెర్షన్ సెట్ చేసే ఫంక్షన్‌తో 1.2కి తగ్గొద్దని చెప్పండి. ఇవి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.0 నుంచి, అంటే 2016 నుంచి ఉన్నాయి. అదే వెర్షన్లో స్ట్రక్చర్ల లోపలి భాగాలు మూసేశారు కాబట్టి సర్టిఫికెట్ (సర్వర్ గుర్తింపు కార్డు) లోపల నేరుగా చెయ్యిపెట్టి పేరు చదివే పాత కోడ్‌కి ఇన్‌కంప్లీట్ టైప్ అని ఎర్రర్ వస్తది, అలాంటి చోట దానికోసం ఇచ్చిన గెట్ ఫంక్షన్ వాడాలి.

ఇది చేశాక కూడా నాకు సర్టిఫికెట్ తప్పని వచ్చింది. ఆ సర్టిఫికెట్ వివరాలు తెరిచి చదివితే అందులో సంస్థ విభాగం పేరు ఉండాల్సిన చోట "ఎస్‌ఎన్‌ఐ ఇవ్వలేదు, దయచేసి మీ క్లయింట్‌ని బాగుచేసుకోండి" అని ఇంగ్లీషులో రాసి ఉంది. జీమెయిల్ సర్వర్‌కి టీఎల్‌ఎస్ 1.3లో వచ్చి ఏ పేరుతో వచ్చామో చెప్పకపోతే అదిచ్చే జవాబు అది, ఎర్రర్ మెసేజ్‌లోనే మందు రాసిచ్చారు. ఎస్‌ఎన్‌ఐ అంటే తలుపు తట్టేటప్పుడే ఎవరింటికి వచ్చామో చెప్పడం, ఒకే అడ్రెస్ మీద చాలా పేర్లు ఉంటాయి కదా. కనెక్ట్ అవ్వకముందే టీఎల్‌ఎస్‌ఎక్స్‌ట్ హోస్ట్ నేమ్ అనే దాంతో సర్వర్ పేరు ఇస్తే సరిపోద్ది. ఒక్క లైను.

సర్టిఫికెట్ ఎర్రర్ రాగానే ఎక్కువమంది చేసేది వెరిఫై నన్, అంటే అసలు సరిచూడొద్దు అని పెట్టేసి చేతులు దులుపుకోవడం. దయచేసి అది చెయ్యొద్దు. వరద వచ్చినప్పుడు నీళ్లు పోవట్లేదని ఏటిగట్టుకి గండి కొట్టుకున్నట్టే అది, అప్పటికి పనైనట్టే ఉంటది, మధ్యలో ఎవడు కూర్చుని పాస్‌వర్డ్ చదివినా మీకు తెలీదు. పాత కోడ్‌లో చాలాసార్లు ముందునుంచే వెరిఫై నన్ ఉంటది, అది కనపడితే వెరిఫై పీర్‌గా మార్చండి, డీఫాల్ట్ వెరిఫై పాత్స్ పిలవండి, సెట్1 హోస్ట్‌తో పేరు కూడా సరిపోల్చమనండి. మార్చాక పనిచేస్తుందని నమ్మేయకుండా, కావాలని తప్పు పేరు ఇచ్చి కనెక్ట్ చేసి చూడండి, అది ఒప్పుకోకుండా వెనక్కి పంపితేనే మీ ప్యాచ్ సరైనట్టు. ప్రోగ్రాంతో పాటు సొంత సర్టిఫికెట్ల కట్ట ఏదైనా ఉంటే దాన్ని తీసేసి సిస్టందే వాడమనండి. 2021 సెప్టెంబర్ 30న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే పాత రూట్ సర్టిఫికెట్ (మిగతావాటిని నమ్మడానికి మూలం) గడువు తీరినప్పుడు ఇలాంటి కట్టలున్న ప్రోగ్రాంలు చాలా ఆగిపోయాయి.

సీ కోడ్ ముట్టుకునే ధైర్యం లేకపోతేనో, ఆ భాగం మరీ చిక్కుగా ఉంటేనో స్టనెల్ అని ఒక ప్రోగ్రాం ఉంది. క్లయింట్ దీనితో 127.0.0.1 మీద, అంటే అదే కంప్యూటర్ లోపల, పోర్టు 1143 అనుకోండి, మామూలుగా మాట్లాడుద్ది, బయట సర్వర్‌తో 993 మీద టీఎల్‌ఎస్ సంగతి స్టనెల్ చూసుకుంటది, పంపే మెయిల్‌కి అలాగే 465. చెప్పకపోతే స్టనెల్ కూడా సర్టిఫికెట్ వెరిఫై చెయ్యదు, కాబట్టి వెరిఫై చైన్, చెక్ హోస్ట్, సీఏ ఫైల్, ఈ మూడూ దాని కాన్ఫిగ్‌లో రాయడం మర్చిపోవద్దు. నాకు మాత్రం ఇంకో ప్రోగ్రాం వెనకాల నడవాల్సిన గొడవ మావయ్య కంప్యూటర్లో ఎందుకని కోడ్‌లోనే చేశా.

లాగిన్ సంగతి త్వరగా చెప్పేస్తా. జీమెయిల్ 2022 మే 30 నుంచి మామూలు అకౌంట్లకి ఉత్త పాస్‌వర్డ్‌తో ఇలాంటి క్లయింట్లని రానివ్వడం ఆపింది. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, యాప్ పాస్‌వర్డ్ తీసుకుంటే 16 అక్షరాలు ఇస్తది, నాలుగేసి చొప్పున విడగొట్టి చూపిస్తది గానీ స్పేసులు లేకుండా కొట్టుకోవాలి. మీ సర్వర్ ఓఆత్ (పాస్‌వర్డ్ బదులు బ్రౌజర్లో అనుమతి తీసుకునే పద్ధతి) తప్ప ఒప్పుకోనంటే దాన్ని పాత క్లయింట్‌లో రాయడానికి పూనుకోకండి, ఈమెయిల్ ఓఆత్2 ప్రాక్సీ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, స్టనెల్ లాగే మధ్యలో నిలబడుద్ది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్యాచ్. మావయ్యకి సగం మెయిల్స్ తెలుగులో వస్తాయి, లిస్టులో వాటి సబ్జెక్టులు కొన్ని ఖాళీగా కనపడేవి, కొన్నిటి చివర పిచ్చి గుర్తు వచ్చేది, ఏళ్ల తరబడి ఆయన అలాగే సర్దుకున్నాడు. కోడ్ చూస్తే సబ్జెక్టుని 64 బైట్ల దగ్గర కోసేస్తుంది. ఇంగ్లీషుకి 64 బైట్లంటే 64 అక్షరాలే, తెలుగులో, అక్షరాలని బైట్లుగా దాచే యూటీఎఫ్ 8లో, ఒక్కో కోడ్‌పాయింట్ (అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు, ఒక్కోటి ఒకటి) 3 బైట్లు. కొబ్బరి అనే మాటే తీసుకోండి, క, ఒత్వం, బ, పొల్లు, బ, ర, గుడి, మొత్తం 7, అంటే 21 బైట్లు. సబ్జెక్టు అంతా స్పేసు లేని తెలుగైతే 21 కోడ్‌పాయింట్లకి 63 బైట్లు అయిపోయి, 64వ బైటు తర్వాతదాని మొదటి ముక్క అవుద్ది, మిగతా రెండు ముక్కలు కోతలో పోతాయి. చెల్లని యూటీఎఫ్ 8 కాబట్టి అక్షరాలు గీసే ప్యాంగో లైబ్రరీ దాన్ని సరిగ్గా గియ్యలేదు. కోసిన చోట జీ యూటీఎఫ్8 వ్యాలిడేట్ పిలిస్తే ఎక్కడిదాకా సరిగ్గా ఉందో చెప్తది, అక్కడికి కోసుకోవచ్చు, కానీ అలా చేస్తే పొల్లు దగ్గరో, గుణింతం ఊడిపోయో మాట ఆగొచ్చు, చూడ్డానికి బాగోదు. అందుకని కోత మొత్తం తీసేసి, లిస్టు గీసే సెల్ రెండరర్‌కి ఎలిప్సైజ్ అనే ప్రాపర్టీ పెట్టా, పట్టినంత చూపించి చివర మూడు చుక్కలు పెడుతుంది, ఎక్కడ కొయ్యాలో ప్యాంగోకి మనకన్నా బాగా తెలుసు. తీసేసిన లైన్లు ఆరు, చేర్చింది ఒకటి. అది చూసి మావయ్య "ఆయ్, ఇదేంట్రా మొత్తం కనపడుతుంది" అని లిస్టు కిందాకా ఒక్కోటి చదువుకుంటూ పోయాడు.

మెయిల్ అనేది ముక్కూ మొహం తెలీనివాళ్లు కూడా పంపిస్తారు, దాన్ని చదివే పాత కోడ్‌లో లోపముంటే ప్రమాదం. అందుకని అడ్రెస్ శానిటైజర్ ఫ్లాగ్‌తో ఒక కాపీ వేరేగా కట్టి, ఇందాక చెప్పిన కాపీ యూజర్‌లో మెయిల్స్ అన్నీ దాంతో తెరిచా. బఫర్ దాటి ఎక్కడ రాసినా, వదిలేసిన మెమరీ ఎక్కడ వాడినా అక్కడికక్కడే ఆగి ఫైలు పేరు, లైను నంబరు చెప్పేస్తది. ప్రోగ్రాం నెమ్మదిస్తుంది, రోజూ వాడుకోవడానికి కాదది. హెచ్‌టీఎమ్ఎల్ మెయిల్ చూపించే భాగం ఉంటే కాన్ఫిగర్ చేసేటప్పుడే ఆపెయ్యండి, దాన్ని చూపించే పాత వెబ్‌కిట్‌ని ఇంట్లో బాగుచేసుకోవడం ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. హెచ్‌టీఎమ్ఎల్ తప్ప కుదరని మెయిల్ వస్తే మావయ్య ఫోన్లో చూసుకుంటాడు. మీ క్లయింట్‌లో అది ఆపడం కుదరకపోతే, దాన్ని పాత మెయిల్స్ చదవడానికే ఉంచుకుని కొత్తవాటికి వేరేది వాడండి, నా సలహా అదే.

అన్నీ అయ్యాక గిట్ ఫార్మాట్ ప్యాచ్ కొడితే కమిట్‌కో ఫైలు చొప్పున 0001, 0002 అని నంబర్లతో వస్తాయి, నాకు 9 వచ్చాయి. ఒక్కో దాంట్లో ఏం చేశానో కాదు, ఎందుకు చేశానో రాసుకున్నా, ఏం చేశామో కోడే చెప్తది కదా. ప్రోగ్రాంని ఆప్ట్ డైరెక్టరీలో వేరే ఫోల్డర్‌లో పెట్టా, సిస్టం అప్‌గ్రేడ్ దాని జోలికి రాదు. సోర్సు, 9 ప్యాచ్‌లు, ఏ ప్యాకేజీలు వేసుకుని ఏ ఫ్లాగ్‌లతో కట్టాలో రాసిన చిన్న స్క్రిప్టు, మూడూ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి మావయ్య బీరువాలో దస్తావేజుల పక్కన పెట్టాం. ఇది జీపీఎల్ లైసెన్సుది, మన వాడకానికి ఎలా మార్చుకున్నా అడిగేవాళ్లు లేరు, కానీ కట్టిన ప్రోగ్రాం ఇంకొకళ్లకి ఇస్తే మన ప్యాచ్‌లతో సహా సోర్సు కూడా వాళ్లకి అందుబాటులో పెట్టాలి, పక్క కొట్టు ఆయన అడిగితే అలాగే రెండూ కలిపి ఇచ్చా.

సిస్టం మార్చిన ప్రతిసారీ స్క్రిప్టుతో మళ్లీ కట్టి, కాపీ యూజర్‌లో ఇవి చూసుకుంటాం: ఒక మెయిల్ తెప్పించడం, ఒకటి పంపడం, తప్పు సర్వర్ పేరు ఇస్తే ఒప్పుకోకపోవడం, అటాచ్‌మెంట్ తెరవడం, పొడుగాటి తెలుగు సబ్జెక్టు లిస్టులో సరిగ్గా కనపడటం, చివరికి నెట్ వైరు పీకేసి 2009 నాటి లారీ లెక్క ఒకటి సెర్చ్‌లో వెతకడం. అది దొరికితే అప్పుడు మావయ్య అకౌంట్లో వేస్తాం.